పేర్లు మాత్రమే తెలిసిన పాఠకురాలు

చదవని పుస్తకాల గురించి ఏళ్ల తరబడి మాట్లాడాను. ఈ మాట ఇంత సూటిగా ఇదివరకు ఎవరితోనూ అనలేదు. నాలో నేను కూడా అనుకోలేదు. సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ అంటే నాకు ప్రాణమని బంధువులకి, స్నేహితులకి, ఆఫీసులో పక్క సీటువాళ్లకి చెప్పుకున్నాను. నెల మొదలవగానే అమెరికాలో, ఇంగ్లండులో ఆ నెల విడుదల కాబోతున్న పుస్తకాల జాబితాలు ముందేసుకుని కూర్చునేదాన్ని. పేర్లు రాసుకునేదాన్ని. అట్టమీది బొమ్మలు చూసేదాన్ని. వెనకట్ట మీది నాలుగు వాక్యాలు చదివి, నచ్చినవాటిని కిండిల్‌లో కొనేదాన్ని. అక్కడితో ఆ నెల చదువు పూర్తయినంత తృప్తిగా ఉండేది. కొన్నవాటిలో ఎన్ని చదివావని అడిగినవాళ్లు లేరు. నన్ను నేను కూడా అడగలేదు.

ఇప్పుడు అడుగుతున్నాను. నాలాంటివాళ్లు ఇంకా కొందరుంటారు. వాళ్లకి నా మూర్ఖత్వం కొంత కాలం మిగిల్చి పెడుతుందేమోనని కూడా రాస్తున్నాను.

నెలనెలా కొత్త లోకం ఒకటి చూడాలన్న ఆకలి నాకు ఇంగ్లీషు పుస్తకాలతో పుట్టలేదు. అది చందమామ పెట్టింది. 1947 జూలైలో మొదలైన ఆ పత్రికలో 1954లో ‘తోకచుక్క’ సీరియల్ వచ్చింది. తర్వాత మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ, పాతాళదుర్గం... వరసగా వచ్చాయి. మా తాతగారు వాటిని బైండు చేయించి బీరువాలో ఉంచారు. వేసవి సెలవుల్లో పిల్లలమంతా ఆ బైండుల చుట్టూ చేరేవాళ్లం. చిత్రాగారి బొమ్మల్లో మాంత్రికుడి గడ్డం, కొండగుహ, రెక్కల మృగం ఒక్కొక్కటీ వేలు పెట్టి చూసేవాళ్లం. మధ్యలో కొన్ని సంచికలు పోయాయి. పోయిన భాగంలో ఏం జరిగి ఉంటుందో మేమే కల్పించుకుని, మా కల్పన మీద మేమే పోట్లాడుకునేవాళ్లం. ఒక్కో భాగం నాలుగైదు పేజీలే. దాన్ని ఎన్నిసార్లు చదివామో లెక్కలేదు.

ఆ సీరియళ్లు రాసిన దాసరి సుబ్రహ్మణ్యంగారి పేరు వాటి మీద ఉండేది కాదు. అర్ధశతాబ్దం ఆ పత్రికలో పనిచేసిన మనిషి పేరు నాకు పెద్దయ్యాక ఎప్పుడో తెలిసింది. అప్పుడు రచయిత పేరు తెలియకుండానే కథ మొత్తం తెలిసేది. తర్వాత్తర్వాత, కథేమిటో తెలియకుండా రచయితల పేర్లు వందలు తెలిశాయి. ఈ రెండింటికీ నడుమ నా చదువు ఎక్కడ దారి తప్పిందో వెతుక్కోవడమే ఈ స్వగతం.

తప్పింది జాబితాల దగ్గర. అలాగని జాబితాలు తయారుచేసేవాళ్లని అనను. తప్పంతా వాటిని నేను వాడుకున్న తీరులో ఉంది. ఒక ఉదాహరణ చెబితే అర్థమవుతుంది. లోకస్ అనే అమెరికన్ పత్రిక 1968 నుంచి ఈ సాహిత్యానికి సంబంధించిన వార్తలు, సమీక్షలు ఇస్తోంది. అందులో రెండు రకాల పట్టికలుంటాయి. రాబోయే నెలల్లో ఏ ప్రచురణ సంస్థ ఏ పుస్తకం వేస్తోందో చెప్పేది ఒకటి. గడిచిన ఏడాదిలో వచ్చినవాటిలో చదవదగ్గవేమిటో ప్రతి ఫిబ్రవరి సంచికలో చెప్పేది రెండోది. మొదటిది సమాచారం. రెండోది, ఏడాదంతా కూర్చుని చదివిన సంపాదకులు, సమీక్షకులు ఇచ్చే తీర్పు. నేను మొదటిదాని మీద ఎగబడి, రెండోదాన్ని పైపైన చూసి వదిలేసేదాన్ని. ఫిబ్రవరికల్లా ఆ పుస్తకాలు నాకు పాతబడిపోయేవి మరి! చదివినవాళ్లు మెచ్చిన పుస్తకాన్ని కాదని, ఇంకా ఎవరూ చదవని పుస్తకం కోసం పరుగెత్తేదాన్ని.

రాబోయే పుస్తకం గురించి మనకి ముందుగా తెలిసే మాటలు ఎలా పుడతాయో కూడా నేను పట్టించుకోలేదు. ప్రచురణకర్తలు విడుదలకి కొన్ని నెలల ముందే సమీక్షకులకి, తోటి రచయితలకి ముందస్తు ప్రతులు పంపుతారు. అట్ట మీద కనపడే మెచ్చుకోళ్లు అలా వచ్చినవి. ఫలానా ప్రసిద్ధ నవలనీ, ఫలానా ఇంకో నవలనీ కలిపినట్టుంటుంది అని చెప్పే వాక్యం ముఖ్యంగా పుస్తకాల వ్యాపారం కోసం పుట్టింది. ఎవరికి అమ్మాలో, ఏ అరలో పెట్టాలో షాపువాళ్లకి తెలియాలి కదా. అందులో తప్పేమీ లేదు, వాళ్ల పని వాళ్లు చేస్తున్నారు. ఆ వాక్యాన్నే నేను సమీక్షగా కంఠస్థం చేశాను. నలుగురూ కూడిన చోట, “ఈ నెల ఒక నవల వచ్చింది, అందులో మంత్రవిద్యకి నియమాలు చాలా పకడ్బందీగా ఉంటాయి” అని చెప్పేదాన్ని. నేను అప్పటికి మొదటి పేజీ కూడా తెరవలేదని వినేవాళ్లకి తెలియదు. శుభలేఖలు పోగేసి దాచుకుని, ఆ పెళ్లిళ్లన్నిటికీ వెళ్లొచ్చానని చెప్పుకోవడం లాంటి పని అది.

ఈ అలవాటు వల్ల ఇంకో నష్టం జరిగింది. దాన్ని గుర్తించడానికి చాలా కాలం పట్టింది. ఫాంటసీలో ఎక్కువ భాగం సిరీస్‌లు. మూడు సంపుటాలు, అయిదు, ఒక్కోసారి పది. నెలవారీ జాబితాలో కంటికి ఆనేది మొదటి సంపుటమే. కొత్త లోకం, కొత్త పటం, కొత్త రచయిత. అదే రచయిత రెండేళ్ల తర్వాత మూడో సంపుటం తెస్తే నా కన్ను దాని మీద ఆగేది కాదు. దాంతో నా దగ్గర ప్రారంభాలు పేరుకున్నాయి. రాజ్యం పోగొట్టుకున్న రాకుమార్తెలు, మొదటిసారి మంత్రం నోట పలికిన అనాథలు, భూమిని వదిలి బయల్దేరిన ఓడలు... ఎవరూ గమ్యం చేరలేదు. చేర్చే ఓపిక నాకు లేకపోయింది. కొన్నాను కదా, రచయితకి నాలుగు డబ్బులు ముట్టాయి కదా అని సమర్థించుకున్నాను. కానీ మొదటి సంపుటం కొన్నవాళ్లు రెండోది కొనకపోతే ఆ సిరీస్‌ని మధ్యలో ఆపేసే ప్రచురణకర్తలున్నారు. అలా ఆగిపోయిన కథల్లో నా వంతు పాపం ఎంతో చెప్పలేను.

వీటన్నిటికంటే నన్ను ఎక్కువ సిగ్గుపరిచే సంగతి ఒక చిన్న కథ విషయంలో జరిగింది.

క్లార్క్స్‌వరల్డ్ అని 2006 నుంచి వస్తున్న మాసపత్రిక ఉంది. సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ కథలు వేస్తుంది, ఎవరైనా ఆన్‌లైన్‌లో ఉచితంగా చదువుకోవచ్చు. 2024 ఫిబ్రవరి సంచికలో ఇసబెల్ జె. కిమ్ రాసిన కథ ఒకటి వచ్చింది. పేరు ‘వై డోంట్ వుయ్ జస్ట్ కిల్ ద కిడ్ ఇన్ ది ఓమెలాస్ హోల్’. ఓమెలాస్ అనే నగరం ఉంటుంది. అక్కడి సుఖమంతా చీకటి గదిలో బంధించిన ఒక పిల్లవాడి బాధ మీద నిలబడి ఉంటుంది. ఎవరో ఆ పిల్లవాణ్ణి చంపేస్తారు. నగరం కష్టాల పాలవుతుంది. నగరం ఇంకో పిల్లవాణ్ణి తెచ్చి అందులో పెడుతుంది. వాణ్ణీ చంపుతారు. కథకురాలి గొంతు ఏ కోశానా వణకదు, ఇవాళ మనం ఫోనులో వార్తలు చెప్పుకున్నంత మామూలుగా చెప్పుకుపోతుంది.

ఆ నెల కథ ఆ నెలలోనే చదివానన్న గర్వం నాకు. ఈసారి నిజంగానే చదివాను. చదివి, క్రూరంగా ఉందన్నాను. వేళ్లు లేని కథ అన్నాను. చదువరులైన నా స్నేహితులకి ఆ ముక్కే చెప్పాను. వాళ్లలో కొందరు నా మాట నమ్మి దాన్ని వదిలేశారు.

దాని వేళ్లు 1973లో ఉన్నాయి. ఉర్సులా లె గ్విన్ ఆ ఏడాది ‘ద వన్స్ హూ వాక్ అవే ఫ్రమ్ ఓమెలాస్’ అనే కథ రాశారు. కొద్ది పేజీల కథ. ఆ పిల్లవాడూ, ఆ గదీ, ఆ నగరమూ ఆమె సృష్టి. అందరి సుఖం కోసం ఒక్క ప్రాణి నిరంతరం హింస పడుతుందంటే ఆ సుఖాన్ని మనం ఒప్పుకోగలమా అన్న ప్రశ్న అమెరికన్ తత్త్వవేత్త విలియం జేమ్స్ వేసినదని ఆమే చెప్పారు. కథ చివర కొందరు ఆ నగరాన్ని విడిచి వెళ్లిపోతారు. వెళ్లిపోతే సరిపోతుందా అని ఎన్.కె. జెమిసిన్ 2018లో ఇంకో కథ రాశారు. వెళ్లిపోకుండా నిలబడి పోరాడేవాళ్ల కథ అది. ఇసబెల్ కిమ్ ఈ వాదంలోకి మూడో తరంగా వచ్చి, గదిలో బాధపడుతున్నవాడు ఉన్నాడని తెలిసీ వార్తలు చూస్తూ బతికేస్తున్న మనందరినీ నిలదీశారు. ఆ కథకే నెబ్యులా పురస్కారం వచ్చింది.

లె గ్విన్ కథ అప్పటికి నేను చదవలేదు. సైన్స్ ఫిక్షన్ అంటే ప్రాణమని చెప్పుకునే మనిషిని, యాభై ఏళ్లుగా కళాశాలల్లో పాఠం చెబుతున్న కథని చదవలేదు. కారణం చిన్నది. అది ఏ నెల జాబితాలోనూ లేదు.

తర్వాత లె గ్విన్ కథ, కిమ్ కథ రెండూ వరసగా చదివిన రాత్రి నాకు మనసు మనసులో లేదు. పుస్తకాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయని తెలియక కాదు. మన కావ్యాల విషయంలో ఆ సంగతి చిన్నప్పుడే చెబుతారు. ఒకే రామాయణాన్ని ఎంతమంది ఎన్ని ప్రశ్నలతో తిరగరాశారో మనకి తెలుసు. ఈ సాహిత్యంలోనూ అంతే. 1959లో రాబర్ట్ హైన్‌లైన్ ‘స్టార్‌షిప్ ట్రూపర్స్’ రాసి అంతరిక్ష సైనికుణ్ణి పొగిడితే, వియత్నాం యుద్ధంలో గాయపడి వచ్చిన జో హాల్డ్‌మన్ 1974లో ‘ద ఫరెవర్ వార్’తో యుద్ధం మనిషిని ఏం చేస్తుందో చూపించారు. మొదటిది తెలియనివాడికి రెండోదాని కోపం సగమే అందుతుంది. వరసగా నడుస్తున్న సంభాషణ మధ్యలోకి వచ్చి, ఒక్క వాక్యం విని, అర్థంపర్థం లేదని లేచిపోయాను నేను. పైగా నలుగురినీ నాతో లేవదీశాను.

నా వల్ల ఈ సాహిత్యానికే దూరమైనవాళ్లలో మా అక్క కూతురు ఉంది. దాని సంగతి చెప్పకపోతే ఈ ఒప్పుకోలు పూర్తికాదు.

అది ఇంటర్మీడియెట్ అయిపోయి, ఎంసెట్ కూడా రాసేసి ఖాళీగా ఉన్న రోజుల్లో ఫోన్ చేసింది. “పిన్నీ, నువ్వు చదువుతావే దయ్యాలూ గ్రహాలూ ఉండే పుస్తకాలు, నాకూ ఒకటి చెప్పవా” అంది. పాఠ్యపుస్తకాల నుంచి అప్పుడే బయటపడిన పిల్ల. ఇంగ్లీషు చదవగలదు కానీ ఇంగ్లీషులో కథలు చదివే అలవాటు లేదు. దానికి ఏది సరిపోతుందో ఆలోచించాలి కదా. నేను ఆలోచించలేదు. ఆ ఏడాది అందరి నోటా నానుతున్న ఒక భారీ ఫాంటసీ మొదటి సంపుటం తెప్పించి, విజయవాడ పంపాను. ఏడువందల పేజీలు పైచిలుకు. మొదటి అధ్యాయంలోనే పది దేశాల పేర్లు. ఆ పుస్తకం మంచిదే కావచ్చు, దానికి తగిన పాఠకులకి. నేను మాత్రం దాన్ని చదివి ఉండలేదు.

కొన్నాళ్లకి అది మళ్లీ ఫోన్ చేసింది. అప్పటికి నూరు పేజీలయ్యాయి. ఎవరు ఎవరో తెలియట్లేదంది. “రెండో భాగంలో ఆ సైన్యాధిపతి మంచివాడని తెలుస్తుందా పిన్నీ? నువ్వు చదివావు కదా?” అని అడిగింది.

అప్పుడైనా నిజం చెప్పాల్సింది. “చదువుతూ ఉండు, నీకే తెలుస్తుంది” అన్నాను. అది మళ్లీ అడగలేదు. తర్వాత కలిసినప్పుడు, “నాకు ఆ రకం పుస్తకాలు ఎక్కవు పిన్నీ, నాకంత బుర్ర లేదు” అంది. నేను చదవకపోవడం వల్ల జరిగినదాన్ని అది తన తెలివితక్కువతనంగా మోస్తోంది. ఈ మధ్యనే దాని దగ్గర అసలు సంగతి ఒప్పుకున్నాను. అది నవ్వేసింది. కానీ మళ్లీ ఆ వైపు రాలేదు. ఇప్పుడు అది చదివేవన్నీ ఉద్యోగానికి పనికొచ్చేవే. ఒక మనిషి జీవితంలో పుస్తకం కోసం చెయ్యి చాచే క్షణాలు ఎక్కువ ఉండవు. అలాంటి ఒక క్షణాన్ని దానికి పోగొట్టాను.

మన భాష విషయంలోనూ ఇదే రకం తప్పు చేశాను. ఒక సాహిత్య సభలో, తెలుగులో సైన్స్ ఫిక్షన్ లేదని ధీమాగా చెప్పాను. సభ అయ్యాక ఒక పెద్దాయన దగ్గరికొచ్చి, నొచ్చుకోకుండా, “అమ్మా, మల్లాది వెంకటకృష్ణమూర్తి ‘నత్తలొస్తున్నాయి జాగ్రత్త’ చదివావా? యండమూరి ‘చీకట్లో సూర్యుడు’? వేమూరి వేంకటేశ్వరరావుగారి కథలు?” అని అడిగారు. ఒక్కటీ చదవలేదు. అనిల్ ఎస్. రాయల్ ‘నాగరికథ’ పేరు కూడా ఆయన నోటే విన్నాను. కాలప్రయాణాన్ని తెలుగు కథలో ఎంత నేర్పుగా ఇమడ్చవచ్చో దాంట్లో చూశాను. 1991లో సింగీతం శ్రీనివాసరావుగారి ‘ఆదిత్య 369’ చూసి కాలయంత్రం కోసం కలలు కన్న తరం మాది. ఆ కల వెనక 1895 నాటి హెచ్.జి. వెల్స్ నవల ఉందని తెలుసుకోవడానికి ఉన్న ఉత్సాహం, మన భాషలో ఆ కలలు కన్నవాళ్లెవరని వెతకడానికి లేకపోయింది.

వెతికితే ఇంకా వెనక్కి పోవచ్చు. బేగం రోకియా సఖావత్ హుసేన్ రాసిన ‘సుల్తానాస్ డ్రీమ్’లో ఆడవాళ్లు రాజ్యం నడుపుతారు, మగవాళ్లు ఘోషాలో ఉంటారు, ఎండ వేడిమిని పట్టి వాడుకుంటారు, మేఘాల నుంచి నీళ్లు దించుకుంటారు. ఆ కథ అచ్చయింది 1905లో, మద్రాసులో, కమలా సత్తియనాథన్ నడిపిన ది ఇండియన్ లేడీస్ మ్యాగజైన్ అనే మాసపత్రికలో. ప్రపంచమంతా ఇవాళ స్త్రీవాద సైన్స్ ఫిక్షన్‌కి తొలి ఉదాహరణల్లో ఒకటిగా చెప్పుకునే కథ, అప్పట్లో మనవాళ్లకీ రాజధాని అయిన ఊళ్లో, ఒక నెల పత్రికలో వచ్చింది. న్యూయార్కులో వచ్చే మంగళవారం ఏం విడుదలవుతుందో నాకు తెలుసు. ఇది తెలియదు.

ఇంతా చెప్పి, కొత్త పుస్తకాల జోలికి వెళ్లొద్దని అనబోవడం లేదు. అది ఇంకో మూర్ఖత్వం. కొత్త రచయితకి మొదటి నెలలు చాలా ముఖ్యం. అమెరికాలో అమ్ముడుపోని ప్రతులు షాపుల నుంచి ప్రచురణకర్తకి తిరిగొచ్చేస్తాయి. వాటిని చూశాకే చాలాసార్లు ఆ రచయిత రెండో పుస్తకం సంగతి తేలుతుంది. అందుకే కొత్త పుస్తకానికి దాన్ని నిజంగా చదివి, ఇంకొకరి చేతిలో పెట్టే మనిషి కావాలి.

‘డ్యూన్’ ఆ రకంగానే బతికింది. ఫ్రాంక్ హెర్బర్ట్ నవల 1963 నుంచి 1965 దాకా ఎనలాగ్ మాసపత్రికలో భాగాలుగా వచ్చింది. పుస్తకంగా వెయ్యమంటే ఇరవై మంది దాకా ప్రచురణకర్తలు కాదన్నారు. చివరికి వేసింది చిల్టన్ అనే సంస్థ. కార్లు బాగుచేసుకోవడం ఎలా అనే పుస్తకాలకి పేరుపడ్డ సంస్థ అది. అందులో స్టెర్లింగ్ లేనియర్ అనే సంపాదకుడు నెలనెలా పత్రికలో ఆ కథ చదివి, రచయితని వెతుక్కుంటూ వెళ్లాడు. ఏ జాబితా అతనికి చెప్పలేదు. చదివాడు, అంతే. ఆ తర్వాత ఆ పుస్తకానికి హ్యూగో పురస్కారం వచ్చింది, తొలి నెబ్యులా వచ్చింది.

ఆక్టేవియా బట్లర్ సంగతి తల్చుకుంటే గుండె బరువెక్కుతుంది. 1993లో వచ్చిన ఆమె నవల ‘పారబుల్ ఆఫ్ ద సోవర్’లో కథ 2024లో మొదలవుతుంది. ఎండిపోయిన కాలిఫోర్నియా, గోడల వెనక భయంతో బతికే ఇళ్లు, నీళ్లు కొనుక్కోలేని జనం. తాను బాగా అమ్ముడుపోయే రచయిత్రిని అవుతానని ఆమె తన నోటుపుస్తకంలో రాసుకున్నారు. 2006లో చనిపోయారు. ఆ నవల న్యూయార్క్ టైమ్స్ బెస్ట్‌సెల్లర్ల పట్టికలోకి ఎక్కింది 2020లో. మధ్యలో ఆ పుస్తకాన్ని బతికించి ఉంచినవాళ్లు, విడుదలైన నెల దాటిపోయాక కూడా దాన్ని చదివినవాళ్లు, పాఠం చెప్పినవాళ్లు, పక్కవాళ్లకి ఇచ్చినవాళ్లు. నేను వాళ్లలో లేను.

టెడ్ చాంగ్ లాంటి రచయిత నా పద్ధతికి అసలు దొరకడు. 1990లో వచ్చిన మొదటి కథకే నెబ్యులా అందుకున్నాడు. తర్వాత మూడు దశాబ్దాల్లో రాసినవి ఇరవై కథల లోపే. రెండు సంపుటాలు, ఒకటి 2002లో, ఇంకోటి 2019లో. నెలవారీ నవలల వేటలో ఉన్న నాకు అతని పేరు 2016లో ‘అరైవల్’ సినిమా వచ్చాక తెలిసింది. దానికి మూలమైన కథ 1998 నాటిది. భవిష్యత్తంతా ముందే తెలిసినా బిడ్డని కనడానికి ఒప్పుకునే తల్లి కథ అది. అంతకాలం అది పక్కనే ఉంది, నా వెతుకులాట వేరే వైపు సాగింది.

మరి ఇప్పుడు నెలనెలా ఏం చేస్తున్నానంటే, ముందు కథలతో మొదలుపెడుతున్నాను. క్లార్క్స్‌వరల్డ్, స్ట్రేంజ్ హొరైజన్స్, అన్‌కానీ లాంటి పత్రికల్లో కథలు ఉచితంగా దొరుకుతాయి. ఒక కొత్త రచయిత గొంతు నాకు పడుతుందో లేదో తెలుసుకోవడానికి ఒక సాయంత్రం చాలు. ఆ గొంతు నచ్చితే నవల దాకా వెళతాను. ఈ సాహిత్యంలో పెద్ద పుస్తకాలు కొన్ని ముందు పత్రికల్లో చిన్న కథలుగానే పుట్టాయి. డేనియల్ కీస్ ‘ఫ్లవర్స్ ఫర్ ఆల్జెర్నాన్’ 1959లో కథ, 1966లో నవల. కొత్తవాళ్లు ఇప్పటికీ చాలామంది ఆ గుమ్మంలోంచే వస్తున్నారు. 2023 ఫిబ్రవరిలో యంత్రాలతో రాయించిన కథలు వరదలా వచ్చిపడి క్లార్క్స్‌వరల్డ్ కొన్నాళ్లు రచనలు తీసుకోవడమే ఆపాల్సి వచ్చింది. అలాంటి వరదలో కూడా కూర్చుని మనిషి రాసిన మంచి కథని ఏరి మన ముందు పెట్టే సంపాదకులున్నారంటే, వాళ్లు ఏరినదాన్ని చదవడం నా కనీస ధర్మం.

రెండోది, ఒక పుస్తకాన్ని పట్టుకుని అది చూపే దారిలో నడుస్తున్నాను. లియు సిషిన్ ‘ద త్రీ బాడీ ప్రాబ్లమ్’ 2006లో చైనాలో ఒక సైన్స్ ఫిక్షన్ మాసపత్రికలో సీరియల్‌గా వచ్చింది. కెన్ లియు దాన్ని ఇంగ్లీషు చేసినప్పుడు, చైనా ముద్రణలో మధ్యలోకి వెళ్లిన సాంస్కృతిక విప్లవం ఘట్టాన్ని, రచయిత మొదట అనుకున్నట్టే పుస్తకం ఆరంభానికి తెచ్చారు. ఆ ఘట్టంతో మొదలైతేనే నాయిక మనుషుల మీద ఎందుకు నమ్మకం పోగొట్టుకుందో మనసుకి ఎక్కుతుంది. లియు సిషిన్ గురువుగా తల్చుకునే రచయిత ఆర్థర్ సి. క్లార్క్. క్లార్క్ 1956 నుంచి 2008లో చనిపోయేదాకా శ్రీలంకలో ఉన్నారు. ఆయన 1979లో రాసిన ‘ద ఫౌంటెన్స్ ఆఫ్ ప్యారడైజ్’లో భూమి నుంచి అంతరిక్షానికి వేసే లిఫ్టు, శ్రీలంకని పోలిన ద్వీపంలోని ఒక పవిత్రమైన కొండ మీద లేస్తుంది. ఆ ద్వీపం చదివాక, అక్కడే పుట్టినవాళ్లు దాన్ని ఎలా రాస్తారని వెతికితే వజ్ర చంద్రశేఖర దొరికారు. ఆయన ‘ద సెయింట్ ఆఫ్ బ్రైట్ డోర్స్’ 2023లో వచ్చింది, నెబ్యులా గెలిచింది. తండ్రిని చంపడానికి తల్లి పెంచిన కొడుకు కథ. బుద్ధుడి ఇంటి కథ, రాహులుడి కథ తెలిసిన మనకి అందులో ఉలిక్కిపడే చోట్లు చాలా ఉన్నాయి. చూడండి, ఒక పాత పుస్తకం వెంట నడిస్తే కొత్త పుస్తకమే ఎదురైంది. అది విడుదలైన నెల జాబితాలోనూ నేను రాసుకునే ఉంటాను. ఇలా నడిచి వచ్చాక గానీ దాన్ని తెరవలేదు.

మూడోది, మొదలుపెట్టిన సిరీస్ ఒకటి ముగించాకే ఇంకోటి మొదలుపెడుతున్నాను. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల గుట్టల్లో తిరుగుతుంటే ఎప్పుడో వదిలేసిన కథల తరువాయి భాగాలు కనపడుతుంటాయి. తీసుకుని వస్తున్నాను. నాలుగోది అన్నిటికంటే కష్టమైనది. చదవని పుస్తకం గురించి ఎవరైనా అడిగితే, “చదవలేదు” అంటున్నాను. ఆ ఒక్క మాట అనడానికి మొదట్లో నాలుక తిరిగేది కాదు. నలుగురిలో నాకున్న పెద్దరికం పోతుందేమోనని భయం. పోయింది కూడా కొంత. పోతే పోయింది.

తెలుగు పత్రికల సంపాదకులకి నాదొక విన్నపం. నెలకి ఒక్క పేజీ ఈ సాహిత్యానికి ఇవ్వండి. ఇంగ్లీషు, చైనీస్, మరాఠీ, బెంగాలీ, తెలుగు, ఎక్కడిదైనా సరే. జయంత్ నార్లీకర్ లాంటి ఖగోళ శాస్త్రవేత్త మరాఠీలో కూర్చుని సైన్స్ ఫిక్షన్ రాశారు. అలాంటివాళ్లని మన పిల్లలకి చెప్పేవాళ్లు కావాలి. ఆ పేజీ రాసే మనిషికి ఒకటే నియమం పెట్టండి, చివరి పుట దాకా చదివిన పుస్తకం గురించే రాయాలని. నెలకి ఒక్క పుస్తకం చాలు. ఎక్కడో విజయవాడలో, వరంగల్లులో, కర్నూలులో సెలవుల్లో ఖాళీగా ఉన్న పిల్ల ఆ పేజీ చూసి చెయ్యి చాచితే, ఆ చేతిలో సరైన పుస్తకం పడుతుంది.

అలాంటి పేజీ వచ్చేదాకా ఈ నెలకి నేను చెప్పగలిగింది ఇది. లె గ్విన్ 1973 నాటి ఓమెలాస్ కథ, ఆ వెంటనే ఇసబెల్ కిమ్ 2024 కథ, ఇదే వరసలో, ఒకే రోజు చదవండి. రెండూ కలిపినా రెండు గంటలు పట్టవు. మొదటిది చదివాక కాసేపు ఆగి, మీరైతే ఆ నగరంలో ఉంటారో వెళ్లిపోతారో నిజాయితీగా తేల్చుకుని, అప్పుడు రెండోది తెరవండి. మీ జవాబు దాని ముందు నిలుస్తుందో లేదో మీకే తెలుస్తుంది. నాది నిలవలేదు. రెండూ చదివే చెబుతున్నాను.